తువ్వాలు కింద పాస్‌వర్డు

ఒకసారి నేను ఐదు రోజులపాటు కుర్చీలో కూర్చోలేదు. కుర్చీది ఏ తప్పూ లేదు. నాలుగు కాళ్ళూ ఉన్నాయి, తిరిగేది కూడా. అయినా అందులో నడుం ఆనించగానే కింద ఎవరో ఎండుమిరపకాయలు పరిచినట్టు చురుక్కుమనేది, లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. కిటికీ దగ్గర ఏం పని లేదు కనక మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేవాణ్ణి. ఆ ఐదు రోజుల్లో బల్లకీ కిటికీకీ మధ్య నేను నడిచిన దూరం కొలిస్తే, గుంటూరు నుంచి పొదిలి దాకా పోయి, అక్కడ టిఫిన్ చేసి, నడిచే తిరిగొచ్చేంత ఉంటుంది.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక ఎగుమతి కంపెనీలో నేను కంప్యూటర్ల మనిషిని. అంతకుముందు బ్రాడీపేటలో డీటీపీ సెంటర్లో శుభలేఖలు కొట్టేవాణ్ణి. శుభలేఖలో మేనమామ పేరు తప్పు పడితే ఆ మేనమామ ఒక్కడే అలుగుతాడు. ఇక్కడ అంకె తప్పు పడితే ఓడ అలుగుతుంది. ఆ తేడా తెలియకుండానే ఉద్యోగంలో చేరాను. చేరిన రోజే ఇంట్లో ఆవిడతో నన్ను సిస్టమ్స్ మేనేజరు అంటారని చెప్పాను. ఎవరూ అనలేదు. మా యజమాని ‘ఏమయ్యా కంప్యూటరూ’ అనేవాడు.

ఫిబ్రవరి నుంచి మే దాకా మా ఆఫీసులో పూర్తి వాక్యం మాట్లాడినవాడు లేడు. మధ్యలో తుమ్ము పడాల్సిందే. ఫోనెత్తి ‘హలో’ అనే ముందు తుమ్మితేనే అవతలివాళ్ళు ఇది మా కంపెనీయేనని నమ్మేవాళ్ళు. కంప్యూటరు పెట్టె విప్పి దులిపితే మిరప విత్తనాలు రాలేవి. ఒకదాంట్లో మొక్క కూడా మొలిచింది. నమ్మరని తెలుసు కాబట్టి రెండాకులే వేసిందని తగ్గించి చెబుతున్నాను.

యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. స్వయంగా మిరప పండించి, యార్డులో పదేళ్ళు బస్తాల మధ్య తిరిగి, తర్వాత ఎగుమతుల్లోకి వచ్చిన మనిషి. వైఫై పెట్టె వచ్చిన రోజున దానికి పసుపు పూసి బొట్టు పెట్టించి, నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. వచ్చినవాళ్ళకి కూడా ఇది అందుతుందా అని. అందుతుందండి అన్నాను. అయితే పెట్టు అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఆఫీసు మర్యాదలో మూడో మెట్టు చేరింది. మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషికీ ముందు మంచినీళ్ళు, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత పాస్‌వర్డు. మూడూ అందించేది మా అటెండరు బాబాయే. యార్డులో ఒక దళారీ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మా దగ్గర చేరాడు. రంజాను నెలలో తను గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, ఎండన పడి వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ పోసిన మనిషి. అలాంటివాడికి పాస్‌వర్డు అప్పగిస్తే దాన్ని ఊరికే ఇస్తాడా? కిందికి దిగుతూ మెట్ల మీద నుంచే ఒక్కో అక్షరమూ గొంతెత్తి చెప్పేవాడు. ఎరువుల కంపెనీ ఏజెంట్లు, మందుల కంపెనీల కుర్రాళ్ళు, దాచేపల్లి నుంచి వచ్చే సిమెంటాయన అందరికీ అది నోటికొచ్చు. ఎదురుగా ఉన్న పళ్ళ డాక్టరు గారి కాంపౌండరు మా పాస్‌వర్డు మారిస్తే వచ్చి కోప్పడేవాడు.

దాన్లో మంచి కూడా ఉంది, కాదనను. ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజున పొదిలి వైపు నుంచి మిరపకాయలు వేసుకొచ్చిన రైతొకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల తన స్నేహితురాలి ల్యాపుటాపులో మా నెట్టు మీదే ర్యాంకు చూసుకుంది. ఆయన బస్తాల సంగతి మర్చిపోయి ఆఫీసు మధ్యలో నిలబడి ఏడ్చేశాడు. పెద్దాయన ఆ రోజంతా ఆ ర్యాంకు తనే కొట్టినట్టు తిరిగాడు.

ఇక ఆ శనివారం. చీరాల నుంచి పెద్దాయన దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. చీరల వ్యాపారి, నెమ్మదైన మనిషి. మజ్జిగ తాగి, ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని ఎవరికో డిజైన్లు పంపుతున్నాడు. నేను పక్కనుంచి పోతుంటే ఆపి, కూరలో వెంట్రుక కనపడితే ఇంటావిడకి చెప్పినంత మెల్లగా చెప్పాడు.

“బాబూ, ‘కొలంబో ఆఖరి రేటు’ అని ఒక ఫోల్డరు నా దాంట్లో కనపడుతోంది. మీదేనా?”

మాదేనండి అన్నాను.

కొలంబో నుంచి ఏటా ఒక పెద్ద వ్యాపారి వస్తాడు. మా సరుకులో ఎక్కువ భాగం ఆయన ఓడే ఎక్కుతుంది. ఆయనకి మొదట ఏ రేటు చెప్పాలి, బతిమాలితే ఎంత దిగాలి, ఎక్కడికొచ్చాక ఇక దిగకూడదు, ఆ ఫోల్డరు నిండా అవే. మా ఆఫీసులో నలుగురికి తప్ప తెలియకూడని సంగతి. అది ఇప్పుడు చీరాల ఆయన ఒళ్ళో కూర్చుని ఉంది. కొలంబో ఆయన గురువారం వస్తున్నాడు. తన కంప్యూటరు కుర్రాణ్ణి కూడా తెస్తున్నాడు. వాళ్ళిద్దరూ అదే కుర్చీల్లో కూర్చుంటారు, అదే మజ్జిగ తాగుతారు, అదే పాస్‌వర్డు కొడతారు. మేం ఎంత దాకా దిగుతామో మేం నోరు విప్పకముందే చదువుకుంటారు.

ఆ ఒక్క ఫోల్డరునీ తీసి దాస్తే సరిపోదా అని అడుగుతారు. నేనూ అడుక్కున్నాను. దాన్ని దాచినా తూకాలు, ల్యాబు రిపోర్టులు, ఏ రైతు దగ్గర ఏ రకం ఎంత ఉందో, అన్నీ అలాగే ఆరబోసి ఉన్నాయి. కింద తూకం గదివాళ్ళూ, కోల్డ్ స్టోరేజీవాళ్ళూ, పైన మేమూ రోజంతా అందులోంచే చూసుకోవాలి. మా పాత కంప్యూటర్లలో మూత వేస్తే అందరికీ వేసినట్టే, తీస్తే అందరికీ తీసినట్టే. గోడే లేని ఇంట్లో బీరువాకి తాళం వేసి ఏం లాభం? కావాల్సింది గోడ. అంటే వచ్చినవాళ్ళకి వేరే నెట్టు. దాంట్లోంచి ప్రపంచమంతా తిరగొచ్చు, మా గదుల్లోకి మాత్రం తొంగిచూడలేరు.

ఆ శనివారం నుంచే కుర్చీ నన్ను తోసేయడం మొదలుపెట్టింది. ఆదివారం ఇంట్లో అన్నం కూడా తిరుగుతూ తిన్నాను. పప్పు వంటింట్లో, పెరుగు వరండాలో. ఆవిడ విస్తుపోయి చూసి, పెరుగు గిన్నె వరండాలోకే తెచ్చిచ్చింది. సిస్టమ్స్ మేనేజర్లు అలాగే తింటారనుకుంది కాబోలు. ఉద్యోగం పోతే ఆ నమ్మకం కూడా పోతుంది. నాకు రెండో దాని గురించే ఎక్కువ భయంగా ఉండింది.

సోమవారం పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఫోల్డరు సంగతి చెప్పే ధైర్యం చాల్లేదు. ఊరికే, వచ్చేవాళ్ళకి వేరే నెట్టు పెడదామండి, సెక్యూరిటీకి మంచిది, ఇప్పుడన్నిచోట్లా అలాగే చేస్తున్నారు అని చెప్పాను. అప్పుడే బాబాయి మజ్జిగ పళ్ళెంతో వచ్చి నిలబడ్డాడు.

“అంటే మనకొకటి, వచ్చినవాళ్ళకొకటా?” అన్నాడు పెద్దాయన.

అవునండి అన్నాను ఉత్సాహంగా.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నా చిన్నప్పుడు మా ఊరి కాఫీ హోటల్లో రెండు రకాల గ్లాసులుండేయయ్యా. ఒక రకం లోపల బల్ల మీద, ఇంకో రకం బయట చూర్లో. చూర్లో గ్లాసులో తాగేవాళ్ళే మా మిరప కోసేవాళ్ళు. పొద్దున చేలో వాళ్ళతో కలిసి అన్నం తిని, సాయంత్రం హోటలుకి పోయి నేను లోపల కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ ఆ సిగ్గు పోలా. ఇక్కడ గ్లాసు ఒకటే, నెట్టు ఒకటే. ఇంక పో.”

బాబాయి పళ్ళెంలో ఆరు గ్లాసులున్నాయి. ఆరూ ఒక్కలాంటివే. అందులో పెద్దాయన తాగేదేదో, సిమెంటాయన తాగేదేదో దేవుడు కూడా చెప్పలేడు. ఆయన అన్నది నిజం. నేను భయపడుతున్నదీ నిజం. రెండు నిజాల మధ్య కిటికీకీ బల్లకీ తిరిగాను.

మంగళవారానికి దిగజారిపోయాను. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడు వినపడగానే వైఫై పెట్టె ప్లగ్గు పీకడం మొదలుపెట్టాను. మందుల కుర్రాడొస్తే పీకాను. పళ్ళ కాంపౌండరొస్తే పీకాను. మధ్యాహ్నం దాచేపల్లి సిమెంటాయన వచ్చి నెట్టు రావట్లేదంటే, కరెంటు పోయిందండి అని చెప్పాను. బల్ల కింద నుంచి చెప్పాను, చేతిలో ప్లగ్గు ఉంది. లేచి చూసేసరికి గుమ్మంలో పెద్దాయన. ఆయన ఒకసారి పైన గిర్రున తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు, ఒకసారి నా చేతి వంక చూశాడు.

“కూర్చోటంలేదంట నువ్వు. ఎప్పుడు చూసినా లేచి తిరగటమో, బల్ల కింద దూరటమో. మొలలా?”

కాదండి అన్నాను. కాదన్న తీరు అవునన్నట్టే ఉండుంటుంది. ఇందులో సిగ్గుపడేదేముంది, సీజన్లో ఈ ఘాటుకి అందరికీ వచ్చేదే, అరండల్‌పేటలో మంచి డాక్టరున్నాడు అని ఓదార్చి వెళ్ళిపోయాడు. అరగంటలో ఆఫీసంతా తెలిసిపోయింది, తూకం గదిలో హమాలీలతో సహా. బాబాయి ఎక్కడినుంచో ఒక దిండు తెచ్చి నా కుర్చీలో వేశాడు. పూల గలీబు. ఒంట్లో వేడి తగ్గుతుందని నాకు మజ్జిగ రోజుకి మూడు గ్లాసుల నుంచి తొమ్మిదికి పెంచాడు. ఆ తొమ్మిది గ్లాసుల పుణ్యమాని ఇంకా ఎక్కువసార్లు లేవాల్సి వచ్చింది. దాంతో జబ్బు ముదిరిందని నిర్ధారణ అయిపోయింది.

బుధవారం పొద్దున పెద్దాయన యార్డుకి పోతూ కళ్ళద్దాలు ఆఫీసులో మర్చిపోయాడు. ఇచ్చి రావడానికి నేనే పరిగెత్తాను. కదలడానికి వంక దొరికితే ఆ వారం నేను శ్రీశైలమైనా వెళ్ళేవాణ్ణి.

యార్డులో ఆకాశం కూడా ఎర్రగా ఉన్నట్టుండేది ఆ రోజుల్లో. బస్తాలు కొండల్లా, కొండల మీద రైతులు. వాటి మధ్య పెద్దాయన, రైతు తరఫున అమ్మే ఒక కమీషను వ్యాపారితో బేరంలో ఉన్నాడు. చుట్టూ పాతికమంది మూగి ఉన్నారు. సరుకు తెచ్చిన రైతు తన బస్తా మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. పోటీ వ్యాపారి కూడా రెండడుగుల దూరంలో నిలబడి, ఆ టీయే తాగుతున్నాడు. మధ్యలో ఇద్దరి కుడిచేతుల మీదా ఒక తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు కింద వేళ్ళు వేళ్ళని పట్టుకుని రేటు చెప్పుకుంటున్నాయి. పైన మొహాల్లో ఏమీ లేదు. పెద్దాయన, ఎవరో దూరపు బంధువు పోయిన కబురు వింటున్నవాడిలా ఉన్నాడు. అవతలాయన పన్ను పీకించుకుంటున్నవాడిలా ఉన్నాడు. తువ్వాలు ఒక్కసారి ఎగిరి పడింది. పెద్దాయన చెయ్యి తీసి తల ఊపాడు. బేరం అయిపోయింది. పాతికమందిలో ఒక్కడికీ అంకె తెలియలేదు, ఒక్కడికీ చిన్నబుచ్చినట్టూ లేదు.

ఇదంతా నేను ఎన్నిసార్లు చూశానో. ఆ రోజే కనపడింది.

కళ్ళద్దాలిస్తూ అడిగాను, ఇంతమంది మధ్య ఈ తువ్వాలెందుకండి, పక్కకి పోయి మాట్లాడుకోవచ్చు గదా అని. ఇన్నేళ్ళు ఇక్కడుండి ఇదేం ప్రశ్నరా అన్నట్టు చూశాడు.

“పక్కకి పోతే అనుమానం. ఎవర్నన్నా పొమ్మంటే అవమానం. అందరి మధ్యే ఉండాల, అందరితో కలిసే టీ తాగాల. రేటొక్కటే చేతిలో ఉండాల.”

“మన ఆఫీసులో తువ్వాలు లేదండి,” అన్నాను.

అని, ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. శనివారం చీరాల ఆయనకి కనపడ్డ ఫోల్డరు, దానిమీద రాసున్న పేరు, రేపొచ్చే కొలంబో ఆయన, ప్లగ్గు, అన్నీ చెప్పేశాను. మొలలు లేవని కూడా చెప్పాను. పెద్దాయన తువ్వాలు దులిపాడు. ఇద్దరం తుమ్మాం. దాన్ని నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు.

“మావాడు తెరిచి చూశాడా?”

తెలియదండి, ఆయనే చెప్పాడు అన్నాను.

“తెరిచేవాడైతే నీకెందుకు చెప్తాడు. వాడి సంగతి వదిలెయ్. నువ్వు శనివారం మాట బుధవారం చెప్తున్నావ్.”

ఉద్యోగం పోతుందని భయమేసిందండి అన్నాను.

“కొలంబో ఆయన్ని రానీ. బేరం చెడితే అప్పుడు చూద్దాం నీ ఉద్యోగం సంగతి.” రెండడుగులు వేసి ఆగాడు. “గోడ కట్టుకో. కానీ వచ్చినవాళ్ళ నెట్టు మన నెట్టు కంటే నిదానంగా ఉందని ఒక్కరన్నా అన్నారంటే, అది చూర్లో గ్లాసే అవుద్ది. మనది నిదానమైనా ఫర్లేదు. ఇంకోటి, బాబాయి ఇక మెట్ల మీద అరవగూడదు.”

బ్రాడీపేట నుంచి రెండో పెట్టె తెచ్చాను. ఇల్లు ఎలా ఉంటుందో అలాగే కట్టాను. పాత పెట్టె అరుగు, కొత్త పెట్టె గుమ్మం. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, అక్కడినుంచి వీధిలోకి వెళతారు, ఎక్కడికైనా పోతారు. గుమ్మం దాటి లోపలికి రాలేరు. మేం లోపలినుంచి అరుగు మీదుగానే వీధిలోకి పోవాలి, రెండు గడపలు దాటాలి కనక మాకే ఆలస్యం. పెద్దాయన పెట్టిన షరతు దానంతటదే నెరవేరింది. నా తెలివేనని చెప్పుకున్నాను. చీకటి పడేలోపు అయిపోయింది. అతిథుల కుర్చీ పక్కన నిలబడి ల్యాపుటాపులో మా ఫోల్డర్ల కోసం వెతికాను. లేవు. నలభైసార్లు వెతికాను. లేనివి ప్రతిసారీ లేకుండానే ఉన్నాయి. అయినా కూర్చోలేకపోయాను.

పాస్‌వర్డు ఎలా ఇవ్వాలన్నది బాబాయే తేల్చాడు. ముప్పై ఏళ్ళు దళారీ దగ్గర ఉన్న చెయ్యి అది. రోజూ పొద్దున నేను ఎనిమిది అంకెలు కొత్తవి ఇస్తాను, అతను వచ్చినవాళ్ళ చేతిలో పెడతాడు, తువ్వాలు కింద. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. ఐదు దాటితే కొత్తవాళ్ళకి గందరగోళమని, మా పాస్‌వర్డుల్లో ఐదు దాటిన అంకె ఉండేది కాదు. సెక్యూరిటీ తెలిసినవాళ్ళు ఈ మాట చదివి గుండె పట్టుకోవచ్చు. పట్టుకోండి. సాయంత్రానికల్లా మార్చేసేవాణ్ణి.

గురువారం కొలంబో ఆయన వచ్చాడు. తెల్ల మీసాలు, నలభై ఏళ్ళుగా మిరపకాయలు కొంటున్న మనిషి, తమిళం కలిసిన తెలుగు. వెంట కంప్యూటరు కుర్రాడు. నీళ్ళిచ్చారు, మజ్జిగ ఇచ్చారు. కుర్రాడు ల్యాపుటాపు తెరిచి ఇంగ్లీషులో పాస్‌వర్డు అడిగాడు. బాబాయి భుజం మీద తువ్వాలు తీసి వాడి చేతి మీద కప్పి, వేళ్ళు పట్టుకున్నాడు. వాడు కంగారుపడి, ఇక్కడ ముందు నాడి చూస్తారేమోనని రెండో చెయ్యి కూడా ఇచ్చాడు.

కొలంబో ముసలాయన పగలబడి నవ్వాడు. కుర్రాణ్ణి జరగమని తన చెయ్యి తువ్వాలు కిందకి పోనిచ్చాడు. కళ్ళు మూసుకుని ఎనిమిది అంకెలూ తీసుకున్నాడు. తర్వాత అదే తువ్వాలు కింద తన కుర్రాడి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే నేర్పుతూ వాడికి చెప్పాడు. మూడోసారికి నెట్టు కలిసింది. బాగా ఫాస్టుగా ఉంది అన్నాడు కుర్రాడు. ఆ మాట పెద్దాయన విన్నాడు.

వాడు ఇంకా ఏవో నొక్కుతున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి వాడి మొహమే చూస్తున్నాను. “మీ ఆఫీసులో కంప్యూటర్లు లేవా సార్? ఒక్కటీ కనపడట్లేదు,” అన్నాడు. బాబాయి ఖాళీ గ్లాసు అందుకుని ఇంకో గ్లాసు మజ్జిగ వాడి చేతిలో పెట్టాడు.

ఇద్దరు పెద్దవాళ్ళూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను నడిచాను. బల్ల, కిటికీ. కిటికీ, బల్ల. ఈసారి పొదిలి దాటి కనిగిరి దాకా పోయుంటాను. లోపలినుంచి మాటలు వినపడవు, తువ్వాలు కింద మాటలుండవు కదా. తుమ్ములు మాత్రం వినపడ్డాయి. ఒకసారి ఆయనది, ఒకసారి మాయనది. తుమ్ముని బట్టి రేటు పోల్చుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

తలుపు తెరుచుకుంది. కొలంబో ఆయన నవ్వుతూ మెట్లు దిగాడు, కుర్రాడు వెనకాల. పెద్దాయన గుమ్మంలో ఆగి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నా దగ్గరికొచ్చి, చుట్టూ అందరూ ఉండగానే, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

“ఆఖరి రేటు దాకా రానీలేదయ్యా నేను. చాలా పైనే ఆగాడు.”

అంటే కొలంబో ఆయన ఆ ఫోల్డరు చదవలేదు. అంటే చీరాల ఆయనా ఎవరికీ చెప్పలేదు. నా ఉద్యోగం మాట పెద్దాయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆయన లోపలికి వెళ్ళాడు. నేను వెనక్కి తిరిగి చూసుకోకుండా కుర్చీలో కూలబడ్డాను. ఐదు రోజుల తర్వాత. పూల దిండు మెత్తగా దిగింది.

బాబాయి చూశాడు. మజ్జిగ పళ్ళెం పట్టుకుని, మెట్ల దాకా పోయి, ఇన్నాళ్ళు పాస్‌వర్డు అరిచిన గొంతుతోనే కింద తూకం గదికి కబురు వేశాడు, సారు కూర్చున్నారని. కిందినుంచి హమాలీలు ఏదో సంతోషంగా అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి వంగి, మెల్లగా అడిగాడు.

“దిండు తీసేయమంటారా సారూ, ఇంకో రెండ్రోజులు ఉంచమంటారా?”

ఉంచమన్నాను.